చదరపు అడుగు బిల్లులో సృజనకు గడి ఏది?

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ రాగానే మా రంగంలో ప్రతి ఆఫీసులోనూ బోర్డు మీద ఆ ఏడాది లెక్కలు పడతాయి. టర్నోవర్ ఎంత, ఎన్ని ఫ్లాట్లు, ఎన్ని విల్లాలు, ఇంకెంతమంది డిజైనర్లు కావాలి. వాటన్నిటి కింద, మార్కర్‌లో సిరా అయిపోతున్నప్పుడు రాసినట్టు, ఇంకో ముక్క ఉంటుంది: 'ఈసారి డిజైన్‌లో కొత్తగా ఏదైనా చేయాలి.' పైనున్న అంకెలకు నెలనెలా సమీక్ష జరుగుతుంది. కింది ముక్కను దసరాకి ఆఫీసు శుభ్రం చేసేటప్పుడు ఎవరో తుడిచేస్తారు. తుడిచిన సంగతి కూడా ఎవరికీ గుర్తుండదు.

విజయవాడ, గుంటూరు, ఏలూరు ప్రాంతాల్లో చిన్న ఇంటీరియర్ సంస్థలు నడిపేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. పత్రికల్లో ఇంటి పేజీలు చదివేవాళ్లలో మా కస్టమర్లూ ఉన్నారు, కోర్సు పూర్తిచేసి ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలూ ఉన్నారు. సృజనకు లక్ష్యం పెట్టుకోవడం డిజైనర్ల సొంత గొడవ అనిపించవచ్చు. కానీ ఆ లక్ష్యం సగం మా బల్ల మీద చెడుతుంది, మిగతా సగం కొటేషన్ అడిగే తీరులో చెడుతుంది. అందుకే బహిరంగంగా చెబుతున్నాం.

మా మాట ఒక్కటే. కాగితం కార్పెంటర్ చేతికిస్తే అతను పని మొదలుపెట్టగలిగేంత స్పష్టంగా రాస్తేనే అది లక్ష్యం. దానికయ్యే ఖర్చు బిల్లులో ఎక్కడో ఒకచోట కనబడాలి.

కొత్త ఆలోచన కావాలంటే చాలామంది ముందు ఫోన్ తెరిచి బొమ్మలు చూస్తారు. అంతకంటే ముందు తెరవాల్సింది ఫిర్యాదుల పుస్తకం. ఇల్లు అప్పగించిన ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు వచ్చే ఫోన్లన్నీ అందులో పడాలి. ఒక్కో ఫిర్యాదుకు నాలుగు గడులు చాలు: ఏ గది, ఏ వస్తువు, ఏమైంది, అప్పగించి ఎన్నాళ్లయింది. ఓ యాభై పోగయ్యాక గదుల వారీగా విడదీసి చూడండి. కృష్ణా ఒడ్డున, ఈ ఉక్కపోతలో, ఎవరి పుస్తకంలోనైనా దాదాపు ఇవే తేలతాయి. సింకు కింద అల్మరా అడుగు ఉబ్బింది. బయటి గోడకు ఆనించిన వార్డ్‌రోబ్ వెనక బూజు పట్టింది. పొయ్యి పక్క షట్టర్‌కి అంచు పట్టీ ఊడింది. లాఫ్ట్ (అల్మరా పైనుండే అటక) తలుపు వంగిపోయి మూసుకోవట్లేదు. పూజా మందిరం జాలీ నల్లబడింది. సీలింగ్‌లో లైటు పట్టీ సగం వెలగట్లేదు.

వీటిలో కొన్ని ఒట్టి పనితనం లోపాలు. లాఫ్ట్ తలుపు ఎందుకు వంగుతుంది? బయటి వైపు 1 ఎంఎం మైకా వేసి, లోపలి వైపు కనబడదు కదా అని పలచటిది వేస్తారు, లేదా ఏమీ వేయరు. రెండు వైపులా లాగుడు సమానంగా లేకపోతే ప్లై (ప్లైవుడ్) బలమైన వైపుకి వంగుతుంది. రెండు వైపులా ఒకే మందం వేస్తే సరిపోతుంది. బయటి గోడ దగ్గర బూజుకి కారణం గోడలోంచి వచ్చే చెమ్మ, గాలాడకపోవడం. అర అంగుళం ఖాళీ వదిలి, వెనక పలకకు రెండు వైపులా మైకా వేస్తే చాలావరకు తగ్గుతుంది. వీటికి సృజన అక్కర్లేదు, జాగ్రత్త చాలు. వీటిని తీసుకెళ్లి క్రియేటివ్ లక్ష్యాల కింద రాసుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

రెండో రకం ఫిర్యాదులు వేరు. ఎంత మంచి కార్పెంటర్‌తో, ఎంత మంచి సామానుతో చేయించినా మళ్లీ మళ్లీ వస్తాయి. అంటే తప్పు చేతిలో లేదు, గీతలో ఉంది. లక్ష్యం దొరికేది ఇక్కడే.

పూజా మందిరాన్నే తీసుకోండి. రెండు బెడ్‌రూంల ఫ్లాట్‌లో విడిగా దేవుడి గది ఉండదు. హాల్లోనో, వంటగది గుమ్మం పక్కనో 3 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు చోటు దొరుకుతుంది. అక్కడ అందరం చేసేది ఒకటే: సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిషన్ మీద కోయించిన ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) జాలీ, దాని వెనక తెల్లటి అక్రిలిక్, ఇంకా వెనక ఎల్ఈడీ పట్టీ, నడిమధ్య ఓంకారం. అప్పగించిన రోజు ఫోటో అద్భుతంగా వస్తుంది. రోజూ నూనె దీపం, అగరొత్తి వెలిగే ఇంట్లో కొన్ని నెలలకే జాలీ రంధ్రాల లోపలి అంచులకు మసి, జిడ్డు కలిసి పడతాయి. అక్కడికి వేలు పట్టదు, గుడ్డ పోదు. తడిపి రుద్దితే కోసిన ఎండీఎఫ్ అంచు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. వెనక లైటు పోయిందా, మందిరం మొత్తం విప్పాలి.

ఇప్పుడు లక్ష్యం రాద్దాం. 'మంచి పూజా మందిరాలు చేద్దాం' అని రాస్తే అది కోరిక. ఇలా రాస్తే లక్ష్యం: వచ్చే ఉగాది దాకా మనం చేసే ఏ మందిరంలోనూ సీఎన్‌సీ జాలీ ఉండదు. దీపం మసి తడిగుడ్డతో 5 నిమిషాల్లో పోవాలి. లైటు పట్టీ పనిముట్లు లేకుండా చేత్తో బయటికి రావాలి. ఖర్చు జాలీ మందిరం కంటే 10 శాతానికి మించి పెరగకూడదు. ఒక నిషేధం, రెండు పరీక్షలు, ఒక హద్దు. ఇంతకంటే పెద్దగా రాయనక్కర్లేదు. అలవాటైన దారి మూసేస్తేనే చెయ్యి కొత్త దారి వెతుకుతుంది. 'స్వేచ్ఛగా ఆలోచించండి' అంటే ఎవరైనా నిన్న చేసిందే చేస్తారు.

ఈ నిషేధం పెట్టుకుని కూర్చుంటే డ్రాయింగు ఎటు పోతుందో చూడండి. మొదటి ప్రశ్న ఆకారం గురించి రాదు. ఆ ఇంట్లో పూజ నిలబడి చేస్తారా, కూర్చుని చేస్తారా? కూర్చునే ఇంట్లో దీపం గట్టు నేల నుంచి 12 నుంచి 15 అంగుళాలు చాలు. నిలబడే ఇంట్లో 30 నుంచి 33. ఆ గట్టు ప్లై మీద మైకాగా ఉండకూడదు, 18 ఎంఎం గ్రానైట్ గానీ కడప నల్లరాయి గానీ ఉండాలి. ముందు అంచున 6 ఎంఎం ఎత్తు కట్ట వదిలితే ఒలికిన నూనె సొరుగుల్లోకి దిగదు. వెనక గోడకు అతుకు లేని ఒకే పెద్ద టైలు, 4 అడుగులు × 2 అడుగులది, నిలువుగా. టైలు 2 అడుగుల వెడల్పే కాబట్టి పక్కల మిగిలే అరేసి అడుగులు దీపం సెగ తగలని చోటు. అక్కడ టేకు వెనీర్ (పలచటి చెక్క పొర) వాడుకోవచ్చు. దీపం పైన అర ఉంటే జ్వాలకు, అరకు మధ్య 2 అడుగులు ఉండాలి. అంత చోటు లేకపోతే ఆ అరే తీసేయాలి. లైటు వెనక నుంచి కాకుండా పై అంచు లోపలి నుంచి కిందికి పడాలి, 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య. ఆ వెలుగులో ఇత్తడి, పసుపు, కుంకుమ నిండుగా కనబడతాయి. 6500 కెల్విన్ తెల్ల లైటు వేస్తే విగ్రహాలు పాలిపోతాయి. పట్టీ అల్యూమినియం ప్రొఫైల్‌లో, క్లిప్పులతో ఉంటే చేత్తో లాగితే వస్తుంది. లైటుకు కరెంటు అందించే డ్రైవర్ పెట్టెను పైన ఎక్కడో పాతిపెట్టకుండా సొరుగు వెనక చెయ్యి పట్టేచోట పెట్టాలి.

ఇక వరలక్ష్మీ వ్రతం. కలశం, దాని మీద కొబ్బరికాయ, అమ్మవారి ముఖం, చీర కట్టి అలంకరిస్తే రెండడుగులు సులువుగా దాటుతుంది. ముందు పళ్లాలు, వాయనాలు. అడుగున్నర లోతు మందిరంలో అవి పట్టవు. అందుకని ఆ రోజున పూజ హాల్లో డైనింగ్ టేబుల్ మీదికి మారిపోతుంది. గట్టు కింద 16 అంగుళాల ఛానళ్ల (సొరుగు జారే పట్టాల) మీద, 45 కిలోల బరువు మోసే రకం, బయటికి లాగే పీట ఒకటి పెడితే లోతు ఇంకో అడుగు పైచిలుకు పెరుగుతుంది. మిగతా రోజుల్లో అది లోపలికి పోతుంది. జాలీ మీద ఖర్చుపెట్టే డబ్బుతో ఇది వస్తుంది. కొత్తదనం అంటే మేమనుకునేది ఇదే. పండగ రోజు ఆ ఇంటివాళ్లకు మాత్రమే తెలుస్తుంది, ఫోటోలో కనబడకపోయినా ఫరవాలేదు.

ఇలాంటి లక్ష్యాలు ఏడాదికి ఎన్ని? ముగ్గురు నలుగురు డిజైనర్లున్న సంస్థకు రెండు చాలు, మూడు మహా ఎక్కువ. ఒక్కో లక్ష్యానికి ఒక్క కాగితం. ఏ ఫిర్యాదులోంచి పుట్టింది, ఏం చేయం, ఏ పరీక్ష నెగ్గాలి, ఖర్చు హద్దు ఎంత, అసలు సైజు నమూనా ఏ తేదీకి, ఆపేయాలా వద్దా అని తేల్చేది ఎవరు. చివరి రెండూ రాయకపోవడం వల్లే ఎక్కువ లక్ష్యాలు గాలికి పోతాయి. బాధ్యుడిగా 'టీం' అని రాస్తే ఎవరూ చేయరు. ఒక మనిషి పేరు రాయాలి.

అసలు సైజు నమూనా గురించి కాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు మిగలాలని అందరూ ముందు కోసేది దాన్నే. 3డీ రెండర్‌లో, అంటే కంప్యూటర్ బొమ్మలో, అన్నీ తెరుచుకుంటాయి. నిజంగా ఎల్ ఆకారపు వంటగదిలో మూలకు అటొకటి ఇటొకటి సొరుగులు వస్తే ఒకదాని హ్యాండిల్ ఇంకోదాన్ని గుద్దుతుంది. మూలలో 2 అంగుళాల ఫిల్లర్ (ఖాళీ నింపే పట్టీ) వదలాలన్న సంగతి బొమ్మ చెప్పదు, చెక్క చెబుతుంది. నమూనాకు చవక 12 ఎంఎం ప్లై చాలు. ఒక షీటు 8 × 4 అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. రెండు షీట్లలో వంటగది మూల మొత్తం లేపవచ్చు. అదీ కుదరకపోతే ఫ్రిజ్ అట్టపెట్టెలు కోసి టేపు వేయండి. నేల మీద చాక్‌పీస్‌తో అసలు కొలతలు గీసి, ఇంటావిడను అందులో నిలబడి అటూ ఇటూ తిరగమంటే కూడా సగం తప్పులు అక్కడే తేలతాయి. పొయ్యి గట్టు ఎత్తు 34 అంగుళాలని కంప్యూటర్‌లో ఎప్పుడో బిగించేసి ఉంటుంది. ఐదడుగుల మనిషి పెద్ద గిన్నెలో పులిహోర కలపాలంటే 32 కావాలి. నిలబడి చూస్తేనే అది తెలుస్తుంది.

కార్పెంటర్‌ను ఈ దశలోనే పిలవాలి, డ్రాయింగు పూర్తయ్యాక కాదు. మా సైట్లలో పనిచేసేవాళ్లలో చాలామంది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి వచ్చినవాళ్లు. డ్రాయింగు ఎంఎంలో ఉంటుంది, వాళ్ల నోటి లెక్క అంగుళాలు, సూతుల్లో ఉంటుంది. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3 ఎంఎం పైచిలుకు. ఎవరో ఒకరు మనసులో మార్చుకుంటూ కోసిన చోట ఆ 3 ఎంఎం తేడా వస్తుంది, సొరుగు బిగుసుకుంటుంది. కొత్త డిజైన్ అయితే ఒకే కొలమానంలో, ఏ ముక్క ఎంత సైజో రాసిన జాబితాతో సహా ఇవ్వాలి. అతను 'ఇలా కాదు, ఇటు తిప్పితే స్క్రూ దొరుకుతుంది' అన్నాడంటే ఆ మాట కాగితం మీద అతని పేరుతో ఎక్కాలి. అలా ఎక్కితే రెండోసారి ఇంకో సలహా ఇస్తాడు.

ఈ నమూనాలకు డబ్బెక్కడిది? ప్రతి ప్రాజెక్టు బిల్లులోంచి 1 శాతం విడిగా తీసిపెట్టండి. ఏడాదికి కోటి రూపాయల పని చేసే సంస్థకు అది లక్ష. రెండు లక్ష్యాలకు నమూనాలు చేసుకోవచ్చు, ఎవరింట్లోనైనా కొత్త డిజైన్ విఫలమైతే సొంత ఖర్చుతో విప్పి మళ్లీ చేయనూ వచ్చు. ప్రయోగం ఖర్చు కస్టమర్ మీద వేయకూడదు. కొత్తది పెడుతున్నామని, ఏడాదిలో తేడా వస్తే ఉచితంగా మారుస్తామని ముందే రాసిచ్చి ఒప్పించాలి. అలా రాసివ్వడానికి ధైర్యం చాలకపోతే ఆ డిజైన్ ఇంకా వర్క్‌షాప్‌లోనే ఉండాలని అర్థం.

ఎప్పుడు చేయాలన్నది ఇంకో చిక్కు. మా పని పంచాంగంతో నడుస్తుంది. గృహప్రవేశాలు లేని ఆషాఢం, పుష్యం మాకు ఖాళీ అని బయటివాళ్లు అనుకుంటారు. కానీ వాటి తర్వాత వచ్చే శ్రావణం, మాఘం ముహూర్తాల కోసం సైట్లన్నీ సరిగ్గా ఆషాఢం, పుష్యాల్లోనే రాత్రింబవళ్లు నడుస్తాయి. అప్పుడు కొత్త ఆలోచన మాటెత్తితే సైట్ సూపర్‌వైజర్ కొట్టడానికి వస్తాడు. కాస్త ఊపిరాడేది శ్రావణం దాటాక భాద్రపదంలో, తర్వాత మూఢం వచ్చినప్పుడు. నమూనా తేదీలు అక్కడ వేసుకోవాలి. 'ప్రతి శుక్రవారం రెండు గంటలు క్రియేటివ్ టైం' అనే పద్ధతి వినడానికి బాగుంటుంది. ఆ రెండు గంటల్లోనే ఎవరి సైట్‌లోనో పైపు పగులుతుంది. వరసగా నాలుగు రోజులు, ఫోన్లు వేరేవాళ్లకు అప్పగించి, ఏడాదికి రెండుసార్లు కూర్చుంటే అంతకంటే మేలు.

ఇక అసలు గొడవ, రేటు. మా ఊళ్లలో కస్టమర్ మొదటి ప్రశ్న 'చదరపు అడుగు ఎంత?' మేమూ దానికి అలవాటుపడి ఎదుటి వైపు వైశాల్యాన్ని కొలిచి బిల్లు వేస్తున్నాం. ఉదాహరణకు చదరపు అడుగు 1,500 అనుకుందాం. 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు వార్డ్‌రోబ్ 56, దాని పైన 2 అడుగుల లాఫ్ట్ 16, మొత్తం 72 చదరపు అడుగులు. బిల్లు 1,08,000. డిజైనర్ బుర్ర పెట్టి చూస్తే ఆ ఇంట్లో తగిలించే బట్టలు తక్కువ, మడతపెట్టే చీరలు ఎక్కువ. కిటికీ వెలుతురు పడే 2 అడుగులు ఖాళీగా వదిలి అక్కడ అద్దం, చిన్న గట్టు పెడితే గది విశాలంగా ఉంటుంది, 6 అడుగుల వార్డ్‌రోబ్‌లో ట్రేలు సరిగ్గా అమరిస్తే అన్నీ పడతాయి. అప్పుడు 42, లాఫ్ట్ 12, మొత్తం 54. బిల్లు 81,000. బాగా ఆలోచించినందుకు డిజైనర్‌కు 27,000 బిల్లు తగ్గింది! చెక్క ఎంత పెడితే అంత బిల్లు వచ్చేచోట, చెక్క తగ్గించే ఆలోచన ఎవరికి పుడుతుంది? ప్రతి గదిలో నాలుగు వైపులా రెండడుగుల ఫాల్స్ సీలింగ్, ప్రతి టీవీ వెనక గోడ నిండా పలకలు ఎందుకొస్తున్నాయో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున్న బెడ్‌రూంలో సీలింగ్ ఆరంగుళాలు దించితే 9 మిగులుతుంది. ఫ్యాను రెక్కలు నేలకు 8 అడుగుల పైనే ఉంచాలంటే రాడ్ కుదించాలి, రెక్కలు సీలింగ్‌కు మరీ దగ్గరైతే గాలి తగ్గుతుంది. వేసవిలో 42 డిగ్రీలు దాటే ఊళ్లో మనం డబ్బిచ్చి గాలి పోగొట్టుకుంటున్నామన్నమాట. 'ఈ ఏడాది బెడ్‌రూంలలో ఫాల్స్ సీలింగ్ వేయం' అన్నది మంచి సృజన లక్ష్యమే. చదరపు అడుగు బిల్లుతో బతికే సంస్థ మాత్రం దాన్ని పెట్టుకోలేదు.

దీనికి మందు, కొటేషన్‌ను మూడు ముక్కలు చేయడం: డిజైన్ ఫీజు, సామాను, పని కూలి. ఫీజు ఇంటిని బట్టి ముందే తేలాలి, చెక్క పెరిగినా తగ్గినా మారకూడదు. కస్టమర్లకు దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఒకే చదరపు అడుగు రేటులో లోపల ఏ ప్లై ఉందో తెలియదు. ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం నంబరు) గుర్తు ఉన్న ప్లై 72 గంటలు మరిగే నీళ్లలో ఉడికించినా పొరలు విడిపోకూడదన్న పరీక్ష నెగ్గాలి. ఐఎస్ 303లోని మామూలు ఎంఆర్ (చెమ్మను కొంతవరకే తట్టుకునే) రకానికి అంత తట్టుకునే శక్తి ఉండదు. బెడ్‌రూంకి ఎంఆర్ సరిపోవచ్చు, సింకు దగ్గర సరిపోదు. సామాను విడిగా రాస్తే ఏ షీటు ఎక్కడ వాడారో కాగితం మీద ఉంటుంది, షీటు మీద ముద్రతో పోల్చుకోవచ్చు.

సింకు మాట వచ్చింది కాబట్టి దాని సంగతీ చెప్పాలి. సింకు కింద అల్మరా ఎందుకు ఉబ్బుతుంది? పైపు కోసం అడుగు పలకకు రంధ్రం కోస్తారు, ఆ కోసిన అంచుకు మైకా లేదు, పట్టీ లేదు. పైపు కారినప్పుడల్లా నీళ్లు అక్కడి నుంచి పొరల్లోకి పోతాయి. అంచుకు సిలికాన్ పూస్తే కొన్నాళ్లు ఆగుతుంది. 'సింకు కింద ప్లై వాడం' అని నిషేధం పెడితే, సమాధానం మన పాత ఇళ్లలోనే ఉంది: కడప బండ అర. 3 అడుగులు × 2 అడుగులు, 20 ఎంఎం బండ దాదాపు 30 కిలోలు తూగుతుంది, కాబట్టి ప్లై డబ్బా మీద కాకుండా ఇటుక గోడ మీదో, గోడకు బిగించిన ఇనుప యాంగిల్ మీదో కూర్చోవాలి. ముందు షట్టర్ మాత్రం మామూలుదే. బయటి నుంచి చూస్తే మాడ్యులర్ వంటగదే. తాతలనాటి బండ అని కస్టమర్లు మొదట మొహం చిట్లిస్తారు, అందుకే నమూనా చూపించాలి.

స్థానిక కళలు వాడతాం అన్న లక్ష్యం ఇప్పుడు బాగా నడుస్తోంది. మంచిదే. కానీ గూట్లో ఓ కొండపల్లి దశావతారాల సెట్టు పెట్టి స్థానికత అనడం డిజైన్ కాదు, కొనుగోలు. కళ ఇంట్లో ఏదో ఒక పని చేయాలి, ఆ పని దాని స్వభావానికి సరిపోవాలి. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి చెక్కది, చాలా తేలిక, మెత్తన. చెయ్యి తగిలేచోట, హ్యాండిల్‌గా, అది నిలవదు. ఏటికొప్పాకది వేరు. అంకుడు కర్ర తరిణె (లేత్) మీద తిరుగుతుంది, లక్క పూత గట్టిగా ఉంటుంది. సొరుగు నాబ్‌లకు సరిగ్గా అతుకుతుంది. ఆ బొమ్మలకు సహజ రంగులు మళ్లీ తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది కూడా. అయితే లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్ తగిలితే చెడుతుంది. పొయ్యికి దగ్గరి సొరుగులకు పెట్టొద్దు, శానిటైజర్‌తో తుడవొద్దని ఇంటివాళ్లకు చెప్పాలి.

నాబ్ ఊడిపోవడం ఇంకో ఫిర్యాదు. తప్పు నాబ్‌ది కాదు. 18 ఎంఎం ప్లైకి రెండు వైపులా మైకా కలిపితే 20 ఎంఎం అవుతుంది. దుకాణంలో దొరికే 25 ఎంఎం స్క్రూ వేస్తే నాబ్‌లోకి 5 ఎంఎం మాత్రమే పోతుంది. 30 ఎంఎం పొడవు ఎం4 (4 ఎంఎం మందం) స్క్రూ వాడి, నాబ్‌లో 12 ఎంఎం లోతున ఇత్తడి ఇన్సర్ట్ (స్క్రూ బిగిసే మరల గొట్టం) బిగించమని ఆర్డర్‌లోనే రాయాలి. కర్రలోకి నేరుగా స్క్రూ తిప్పితే రోజుకు ఇరవైసార్లు లాగే సొరుగుకు అది వదులైపోతుంది. ఒక ఇంటికి ముప్పై కావాలంటే ముప్పైఆరు చెప్పండి. చేత్తో చేసిన రంగులో ఛాయ తేడా ఉంటుంది, తర్వాత విడిగా రెండు తెప్పిస్తే కలవవు.

పెడన కలంకారీ గుడ్డను పలకలకు వాడేటప్పుడు ముందు ఒకసారి తడిపి ఆరబెట్టాలి, లేదంటే బిగించాక ముడుచుకుంటుంది. పడమటి ఎండ నేరుగా పడే గోడకు సహజ రంగులు పెట్టకూడదు, వెలిసిపోతాయి. అద్దం వేస్తే గుడ్డకు, అద్దానికి మధ్య ఖాళీ ఉండాలి, లేకపోతే వానాకాలం చెమ్మకు అంటుకుంటుంది. ఇంకో సంగతి, చాలామంది పట్టించుకోరు: ఆ గుడ్డకు కరక్కాయ, పాలు పట్టించడం, పటిక అద్దడం, పారే నీళ్లలో ఉతకడం, ఎండబెట్టడం అన్నీ ఎండ మీద ఆధారపడిన పనులు. వానల్లో నెమ్మదిస్తాయి. భాద్రపదంలో నమూనా చేయాలంటే గుడ్డ వైశాఖంలోనే చెప్పి ఉంచాలి. ముహూర్తానికి పది రోజుల ముందు ఫోన్ చేసి, 'వాళ్లు టైంకి ఇవ్వరండీ' అని చేతివృత్తులవాళ్ల మీద నెట్టేయడం మా రంగంలో ఉన్న చెడ్డ అలవాటు. మంగళగిరి నేత కర్టెన్లకూ ఇదే వరస. మగ్గం వెడల్పు 45 అంగుళాలు అనుకుంటే 6 అడుగుల కిటికీకి మూడు వెడల్పులు కావాలి, అప్పుడే కుచ్చు నిండుగా పడుతుంది. రెండింటితో సరిపెడితే దుప్పటి ఆరేసినట్టుంటుంది.

కృత్రిమ మేధ గీసిన బొమ్మల గురించి రెండు ముక్కలు. వాడకూడదని మేమనం. కానీ ఆ బొమ్మల్లో ఫ్యాను ఉండదు, స్విచ్ బోర్డు ఉండదు, ఏసీ నీళ్లు వాలుగా దిగాల్సిన గొట్టం ఉండదు, 8 అడుగుల అర ఏ ఆధారమూ లేకుండా గాల్లో నిలబడి ఉంటుంది. 18 ఎంఎం ప్లై అర మూడడుగులు దాటితే పుస్తకాల బరువుకు నడుము కుంగుతుంది. బొమ్మ మీద ఈ నాలుగూ గుర్తుపెట్టకుండా కస్టమర్‌కు చూపించకూడదని ఆఫీసులో నియమం పెడితే చాలు. ఒకసారి చూపించాక ఆ గాల్లో అర కావాల్సిందే అంటారు, తర్వాత పేచీ మొదలవుతుంది.

ఏడాది చివర లక్ష్యం నెగ్గిందో లేదో ఎలా తేలుతుంది? ఫోటోకి వచ్చిన లైకులతో కాదు. మూడు ఇళ్లలో పెట్టాక, ఆరు నెలలకు వెళ్లి చూడాలి. తడిగుడ్డ పరీక్ష ఇంటావిడ చేత్తోనే చేయించండి. లాగే పీట వ్రతం రోజు నిజంగా వాడారా, లేక దాని మీద పాత పంచాంగాలు పేరుకున్నాయా చూడండి. కార్పెంటర్‌ను అడగండి, మూడో ఇంటికి పని ఎన్ని రోజులు తగ్గిందని. ఒక్క రోజు కూడా తగ్గకపోతే ఆ డిజైన్ ఇంకా చిక్కుముడిగానే ఉందన్నమాట. మూడిళ్లలో రెండిళ్లు పరీక్ష నెగ్గకపోతే ఆపేయాలి. ఆపేసినట్టు ఆ కాగితం మీదే కారణంతో రాయాలి. లేకపోతే రెండేళ్ల తర్వాత కొత్తగా చేరిన డిజైనర్ అదే ఆలోచనతో ఉత్సాహంగా వస్తాడు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. ఇంటి పేజీల్లో అందమైన గదుల ఫోటోలు వేస్తారు. పాఠకులు వాటిని కత్తిరించి తెచ్చి మా బల్ల మీద పెడతారు. ఆ ఫోటో కింద నాలుగు వివరాలు అచ్చువేయండి: గది కొలతలు, వాడిన సామాను మందంతో సహా, అయిన ఖర్చు, ఫోటో తీసినప్పటికి ఆ గది వాడకంలోకి వచ్చి ఎన్ని నెలలైంది. మా ఇళ్ల ఫోటోలు పంపేటప్పుడు ఈ వివరాలు మేమే రాసిస్తాం. కుదిరితే, అప్పగించి ఏడాది దాటిన ఇళ్లను మాత్రమే నెలకోసారి ఒక పేజీలో వేయండి. మసి పట్టిన జాలీ ఉన్నవీ పంపడానికి మేం సిద్ధం.

ఇట్లు,
కొందరు ఇంటీరియర్ డిజైనర్లు
విజయవాడ, గుంటూరు, ఏలూరు